నాలుగు కౌంటీలు, ఒకే కొలకర్ర

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఫోర్ట్ లాడర్‌డేల్ అనే ఊరుంది. ఊరంతా కాలువలే. అన్నీ కలిపితే 265 కిలోమీటర్ల పైమాటే. చాలా ఇళ్ల పెరళ్లు నేరుగా కాలువ గట్టునే ఉంటాయి. గట్టు కోసుకుపోకుండా ఎవరి పెరటి వెంట వాళ్లే గోడ కట్టుకున్నారు. ఒక ఇంటి గోడ ఐదడుగులుంటే, పక్కింటిది మూడడుగులే ఉండవచ్చు. ఏటా సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, పున్నమికీ అమావాస్యకీ అటూ ఇటుగా అక్కడ సముద్రం బాగా పోటెత్తుతుంది. ఆకాశంలో మబ్బుండదు, తుపాను ఊసుండదు. అయినా కాలువ నీళ్లు పొంగి పొట్టి గోడ దాటి ఆ పెరట్లోకి వస్తాయి. అక్కణ్నుంచి వీధిలోకి, వీధిలోంచి ఐదడుగుల గోడ కట్టుకున్న ఇంటి గుమ్మంలోకి. ఎత్తుగా కట్టుకున్న గోడ ఆ ఇంటిని కాపాడలేదు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు మనవాళ్లు. నీటికి తెలిసింది పల్లం ఒక్కటే. ఇంటి హద్దు, ఊరి పొలిమేర, జిల్లా సరిహద్దు దానికి తెలియవు. కానీ వరదను ఎదుర్కోవలసిన ప్రభుత్వాలన్నీ హద్దుల లోపలే పనిచేస్తాయి. ఈ చిక్కును విప్పడానికి ఆగ్నేయ ఫ్లోరిడాలోని నాలుగు కౌంటీలు 2010లో ఒక ఒప్పందానికి వచ్చాయి. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా లాంటిదే. అయితే దాన్ని నడిపేది కలెక్టరు కాదు, ప్రజలు ఎన్నుకున్న కమిషనర్లు. ఆ నాలుగు కౌంటీలు పామ్ బీచ్, బ్రోవార్డ్, మయామీ-డేడ్, మన్రో. వాటిలో వందకు పైగా పట్టణాలు, నగరాలు ఉన్నాయి. 2020 జనగణన ప్రకారం జనాభా 62 లక్షలు.

గోడ కడితే ఆగని సముద్రం

ముందు అక్కడి నేల గురించి చెప్పాలి. ఆగ్నేయ ఫ్లోరిడా సున్నపురాయి మీద ఉంది. ఆ రాయి గట్టిగా కనిపిస్తుంది కానీ లోపలంతా బెజ్జాలే. తీరం పొడవునా ఎంత ఎత్తు గోడ కట్టినా, సముద్రం ఆ బెజ్జాల గుండా నేల అడుగు నుంచి ఊరుతుంది. అంతేకాదు, పోటు సమయంలో మయామీ బీచ్ వీధుల్లో వాన నీటి గొట్టాల గుండా వెనక్కి వచ్చిన ఉప్పునీరు మూతల్లోంచి పైకి తన్నుకొస్తుంది. హాలెండులో లాగా కట్టలు కట్టి సముద్రాన్ని బయట ఆపడం ఇక్కడ కుదరదు.

లక్షల మంది తాగే నీరు కూడా ఆ బెజ్జాల రాతిలోనే ఉంది. నీరు నిండిన ఆ రాతి పొరను బిస్కేన్ ఆక్విఫర్ అంటారు. సముద్ర మట్టం పెరిగేకొద్దీ ఉప్పునీరు భూమి అడుగున లోపలికి జరుగుతుంది, మంచినీటి బావులు ఉప్పెక్కుతాయి. బ్రోవార్డ్, మయామీ-డేడ్ కౌంటీల సరిహద్దును ఆనుకుని హాలండేల్ బీచ్ అనే చిన్న పట్టణముంది. దానికున్న ఎనిమిది తాగునీటి బావుల్లో ఆరింటిని ఉప్పునీటి వల్లే వదులుకోవలసి వచ్చింది.

ఇక వాన నీటి సంగతి. 1947లో వరుస తుపానులు దక్షిణ ఫ్లోరిడాను ముంచెత్తాక పెద్ద పెద్ద మురుగు కాలువలు తవ్వారు. లోపలి నేలల మీది నీరు ఆ కాలువల్లో దానంతటదే పల్లానికి పారి సముద్రంలో కలవాలి. సముద్రపు నీరు ఎదురు రాకుండా కాలువల చివర గేట్లు పెట్టారు. కాలువ నీటిమట్టం సముద్ర మట్టం కంటే ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రమే గేటు ఎత్తగలరు. ఆ తేడా చాలాచోట్ల కొన్ని అంగుళాలే. సముద్రం ఆ కొన్ని అంగుళాలు పెరిగిందంటే గేటు ఎత్తే వీలుండదు. వాన నీరు ఊళ్లలోనే నిలిచిపోతుంది. 2023 ఏప్రిల్ 12న ఫోర్ట్ లాడర్‌డేల్ మీద ఒక్కరోజులో సుమారు 26 అంగుళాల వాన కురిసింది. అలాంటి వానకు సముద్రపు పోటు తోడైతే నీటికి పోయే దారే ఉండదు.

కాలువ ఒక కౌంటీలో పుట్టి ఇంకో కౌంటీ గుండా పోవచ్చు. భూగర్భ జలం అందరి కిందా ఒకటే. మయామీ బీచ్ నగరం కోట్లాది డాలర్లు పోసి పంపులు పెట్టింది, రోడ్లు ఎత్తు చేసింది. రోడ్డు పైకి లేచేసరికి పాత దుకాణాల గుమ్మాలు రోడ్డుకు దిగువన పడ్డాయి. పంపులు తోడిన నీరు వెళ్లి పడేది బిస్కేన్ అఖాతంలో. ఆ అఖాతం పక్క ఊళ్లది కూడా. ఒక ఊరు ఒంటరిగా ఎంత చిత్తశుద్ధితో పనిచేసినా సమస్య పక్కకు జరుగుతుందే తప్ప తీరదు.

ముందు లెక్క కుదరాలి

కౌంటీలకు ఈ సంగతి అర్థమైంది ఒక ఇబ్బందికరమైన అనుభవంతో. సాయం కోరుతూ వాషింగ్టన్ వెళ్లిన ఈ కౌంటీల ప్రతినిధులు ఒకే తీరం గురించి వేర్వేరు లెక్కలు చెబుతున్నారు. సముద్రం ఎంత పెరుగుతుందన్నదానికి ఒక్కో కౌంటీకి ఒక్కో అంచనా. ఏ సంవత్సరపు మట్టం నుంచి లెక్కించాలన్నది కూడా ఒక్కోచోట ఒక్కో రకం. వినేవాళ్లకు ఎవరి మాట నమ్మాలో తెలియదు. బ్రోవార్డ్ కౌంటీ కమిషనర్ క్రిస్టిన్ జేకబ్స్ తదితరుల చొరవతో 2009 అక్టోబరులో నాలుగు కౌంటీల నాయకులు ఒకచోట కూర్చున్నారు. 2010 జనవరికల్లా నాలుగు కమిషన్లూ ఒప్పందాన్ని ఆమోదించాయి.

ఆ ఒప్పందం కొత్త ప్రభుత్వాన్ని పుట్టించలేదు. పన్ను వేసే హక్కు గానీ, ఆజ్ఞలిచ్చే అధికారం గానీ దానికి లేవు. నాలుగు కౌంటీల అధికారులు, నీటి నిర్వహణ సంస్థ వాళ్లు, నగరాల ప్రతినిధులు కలిసి కూర్చుని పనిచేసే ఏర్పాటు అది. ఏటా జరిగే సదస్సును కౌంటీలు వంతులవారీగా నిర్వహిస్తాయి. 27 లక్షల జనాభా ఉన్న మయామీ-డేడ్, 83 వేల మందే ఉన్న మన్రో ఆ బల్ల దగ్గర సమానులే.

వాళ్లు మొదట చేపట్టిన పెద్ద పని గోడ కట్టడం కాదు, లెక్క కుదుర్చుకోవడం. శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు, కౌంటీ సిబ్బంది కలిసి 2011లో ఒక ఉమ్మడి అంచనా తయారు చేశారు. 2010 నాటి మట్టంతో పోలిస్తే 2060 నాటికి సముద్రం 9 నుంచి 24 అంగుళాల దాకా పెరుగుతుందన్నది దాని సారం. కొత్త పరిశోధనలు వచ్చేకొద్దీ 2015లోనూ, 2019లోనూ దాన్ని సవరించారు. 2019 లెక్క ప్రకారం, 2000 సంవత్సరపు మట్టంతో పోలిస్తే సముద్రం 2040కి 10 నుంచి 17 అంగుళాలు, 2070కి 21 నుంచి 54 అంగుళాలు పెరగవచ్చు.

21కీ 54కీ మధ్య అంత తేడా ఉంటే ఆ లెక్క ఎందుకు పనికొస్తుందని అనిపించవచ్చు. పనికొచ్చేది ఆ తేడాయే. నీళ్లు చేరినా పెద్ద నష్టం లేని పార్కులో నడకబాట వేసేటప్పుడు తక్కువ అంచనా చాలు. యాభై ఏళ్లు నిలవాల్సిన ఆసుపత్రికీ, మురుగునీటి శుద్ధి కేంద్రానికీ ఎక్కువ అంచనానే పట్టుకోవాలి. ఏ పనికి ఏ అంచనా వాడాలో కూడా ఆ పత్రంలోనే రాశారు. అప్పటినుంచి ఏ కౌంటీలో ఏ ఇంజనీరు వంతెన గీసినా, కాలువ గేటు గీసినా చేతిలో ఉండేది ఒకే కొలకర్ర.

లెక్క ఒకటయ్యాక మాటకు బలం వచ్చింది. 2011లో ఫ్లోరిడా శాసనసభ, ముంపు ముప్పున్న ప్రాంతాలను ప్రత్యేకంగా గుర్తించి వాటి మీద ముందుగా ఖర్చు పెట్టే వీలును ప్రణాళికా చట్టంలో చేర్చింది. అలా చేయాలని అడిగింది ఈ కూటమే. 2012లో 110 సిఫారసులతో ఉమ్మడి కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. నీటి సరఫరా, రవాణా, వ్యవసాయం అన్నీ అందులో ఉన్నాయి.

గోడల సంగతి తేలింది 2020లో. బ్రోవార్డ్ కౌంటీలో 31 పట్టణాలు, నగరాలు. గోడ ఎంత ఎత్తుండాలన్నదానికి ఊరికో నియమం. అందరికీ ఒకే కొలత పెడుతూ కౌంటీ చట్టం చేసింది. ప్రామాణిక మట్టం నుంచి లెక్కిస్తే 2050 నాటికి పోటు గోడలన్నీ కనీసం ఐదడుగులు ఉండాలి. కొత్తగా కట్టినా, పెద్ద మరమ్మతు చేసినా ఆ కొలత పాటించాలి. ఎవరి గోడ మీదుగానైనా పోటు నీరు పక్కింట్లోకో వీధిలోకో పారితే నోటీసు వస్తుంది. ఏడాదిలోగా సరిచేయాలి. నా గోడ నా ఇష్టం అనే మాట చెల్లదు, ఎందుకంటే అది వీధంతటికీ కాపు.

లెక్కకు అందని మనుషులు

ఇంత చెప్పాక ఈ ఒప్పందం చేయలేని పనులు కూడా చెప్పాలి. కొలత కుదరవచ్చు కానీ ఖర్చు ఎవరిదన్నది తెగదు. మన్రో కౌంటీ జనం దాదాపు అంతా ఉండేది ఫ్లోరిడా కీస్‌లో, అంటే సముద్రం మధ్య దండలా ఉన్న చిన్న ద్వీపాల్లో. 2019లో కీ లార్గోలోని ఒక కాలనీ వీధుల్లో పోటు నీరు దాదాపు మూడు నెలలు నిలిచింది. పిల్లలు బడికి పోవాలన్నా ఉప్పునీట్లో నడవాల్సిందే. ఆ ద్వీపాల్లో అన్ని రోడ్లనూ ఎత్తు చేసేంత డబ్బు 83 వేల మంది కట్టే పన్నుల్లోంచి రాదు.

మయామీ-డేడ్‌లో ఇప్పటికీ లక్షకు పైగా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులే ఉన్నాయి. భూగర్భ జలం పైకి వస్తే అవి పనిచేయవు. మురుగు తాగునీటి పొరలోకి, అఖాతంలోకి చేరుతుంది. వాటిని మురుగు పైపులకు కలపడం చాలా ఖర్చుతో కూడిన పని. నగరమంతా ఎంత భద్రంగా ఉంటుందో తేల్చేది చివరికి పేదవాడి పెరట్లోని ట్యాంకే.

అన్నిటికంటే బాధ కలిగించేది మయామీ నగరంలోని లిటిల్ హైతీ అనే పేట కథ. మయామీలో ధనవంతులు సముద్రపు ఒడ్డున స్థిరపడ్డారు. నల్లజాతివారికి, హైతీ నుంచి వలస వచ్చినవారికి దక్కింది లోపలి రైలు కట్టల దగ్గరి నేల. ఆ నేల సున్నపురాతి మెరక మీద ఉంది. సముద్రం దగ్గరవుతుంటే ఆ మెరక బంగారమైంది. బిల్డర్లు వచ్చారు, అద్దెలు పెరిగాయి, తరతరాలుగా ఉన్నవాళ్లు ఖాళీ చేయాల్సి వస్తోంది. 2017లో మయామీ నగర ఓటర్లు 40 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. అందులో 19.2 కోట్లు వరద రక్షణకు, 10 కోట్లు సామాన్యులకు అందే ఇళ్లకు. వరద రక్షణ, పేదవాడి గూడు ఒకే ఖాతాలో ఉండాలని ఆ ఓటర్లు గుర్తించారు. వరద నుంచి ఊరిని కాపాడి ఊరివాళ్లను వెళ్లగొడితే అది రక్షణ అనిపించుకోదు.

బుడమేరు నుంచి ఉప్పుటేరు దాకా

ఇదంతా చదువుతుంటే మన తీరం గుర్తుకు రాక మానదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఉప్పాడ దగ్గర జియోట్యూబులతో, అంటే ఇసుక నింపిన భారీ సంచులతో, కట్టిన రక్షణ గోడను కూడా సముద్రం దెబ్బతీసింది. 2022లో జిల్లాల పునర్విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో తీరం ఉన్న జిల్లాలు శ్రీకాకుళం నుంచి తిరుపతి దాకా 12.

2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కొల్లేరుకు పోతుంది. కొల్లేరు నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలవాలి. సముద్రం పోటు మీద ఉంటే ఉప్పుటేరు మెల్లగా లాగుతుంది, కొల్లేరు పొంగుతుంది, వెనక ఊళ్లు మునుగుతాయి. ఫ్లోరిడా కాలువ గేట్ల దగ్గర జరిగేది కూడా ఇదే. ఈ ఒక్క నీటి దారి ఎన్‌టీఆర్, ఏలూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలతో ముడిపడి ఉంది. ఎగువన ఆక్రమణ తొలగించినా దిగువన ఉప్పుటేరు పూడిక తీయకపోతే నీరు పోదు.

మన జిల్లాలకు అమెరికా కౌంటీల్లాగా సొంత పన్నులు, సొంత చట్టాలు లేవు. అందువల్ల వాళ్ల ఒప్పందాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. వాళ్లు వేసిన మొదటి అడుగు మాత్రం మనమూ వేయగలం. ఒకే తీరానికి, ఒకే నీటి దారికి ఒకే లెక్క పెట్టుకోవచ్చు. ఉప్పుటేరు ముఖద్వారం నుంచి ఎగువన బుడమేరు మీది వెలగలేరు దాకా పంచాయతీ, మున్సిపాలిటీ, డ్రెయినేజీ ఇంజనీరు, మత్స్యకార సంఘం ఒకే అంచనాను ముందు పెట్టుకుని, ఎక్కడ ఎన్ని అడుగుల నీరు వస్తుందో ఒకే మాట చెప్పగలగాలి.

నిజానికి ఇది మనకు తెలియని విద్య కాదు. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు ఊళ్లను కలుపుతూ వచ్చాయి. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. ఆ అలుగు రాయి ఎంత ఎత్తుండాలన్నది ఒక్క ఊరు తేల్చుకునే సంగతి కాదు. ఒక జానెడు పెంచితే పై ఊరి పొలాలు మునుగుతాయి, కింది ఊరి చెరువు ఎండుతుంది. అందుకే ఆ రాయిని ఎవరికి వారు కదపకూడదు. ఫ్లోరిడా నాలుగు కౌంటీలు 2011లో కాగితం మీద పెట్టుకున్నది అలాంటి అలుగు రాయినే. మన తీరానికి ఆ రాయి ఇంకా పడలేదు. సముద్రం మన గుమ్మం ఎక్కకముందే పన్నెండు జిల్లాలూ కలిసి దాన్ని పాతుకోవాలి.