క్రొత్తగ బండి నడుపువారికి బాటప్రక్క పలకలు

మన కుప్పము రైతులు కూరగాయలను, పట్టుగూళ్లను బండ్లపై వేసికొని కృష్ణగిరివైపునకును, కోలారువైపునకును పోవుచుందురు. కొలఁది మైళ్లలోనే పలకలపై తెలుఁగులిపి పోయి తమిళమో, కన్నడమో వచ్చును. పలకల యాకారము మాత్రము మాఱదు. కావున ట్రాక్టరుగాని మోటారుసైకిలుగాని క్రొత్తగ నేర్చువారు ముందుగ ఆకారములను గుర్తెఱుఁగవలెనని మనవి చేయుచున్నాము.

ఎఱ్ఱయంచు త్రికోణము హెచ్చరిక. ముందు వంపో, కూడలియో, రైలుగేటో యున్నదని యర్థము, వేగము తగ్గింపవలెను. గుండ్రని పలక ఆజ్ఞ. ఎఱ్ఱయంచుదైన నిషేధమును, నీలిదైన తప్పక చేయవలసినదానిని తెలుపును. ఎనిమిది మూలల ఎఱ్ఱపలకయొద్ద బండిని పూర్తిగ నిలుపవలెను. తలక్రిందుల త్రికోణమున్నచోట పెద్దబాటపై వచ్చువారికి ముందుగ దారి నీయవలెను. దీర్ఘచతురస్రములు ఊళ్లను, ఆసుపత్రులను, పెట్రోలు బంకులను తెలుపును.

అభ్యాసపు లైసెన్సు 6 మాసములు చెల్లును. 30 దినములు గడచినపిదప పరీక్షకు పోవచ్చును. 18 ఏండ్లు నిండని పిల్లవాఁడు బండి నడిపి నేరము చేసినచో, 2019వ సంవత్సరపు సవరణచట్టముచే సంరక్షకునకుగాని యజమానికిగాని మూఁడేండ్లవఱకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును. జుల్మానా ఒక పంటతో తీఱును. పోయిన బిడ్డ తిరిగి రాఁడు. కావున సభ్యులు తాళముచెవి యిచ్చుటకు ముందు పలకలను చదువ నేర్పుదురుగాక.