పేడ దీపావళికి, కంపోస్ట్ ఉగాదికి: అమెరికా పెరటి తోటకి స్ప్రింగ్ ఎరువులు

ఈ వారం ఎపిసోడ్‌లో ఇంట్లో చేసుకునే ఎరువుల గురించి మాట్లాడుకున్నాం. మాటల్లో హడావిడిగా చెప్పేసిన కొలతలు, రోజుల లెక్కలు ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. పెన్ను పట్టుకుని రాసుకునే పని లేకుండా దీన్ని దాచుకోండి.

ఏప్రిల్ వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "టమాటా నారు వేసి రెండు వారాలైంది, ఎదగట్లేదు, ఏం వెయ్యాలి?" వెంటనే పది జవాబులు వస్తాయి. అరటి తొక్కలు, గుడ్డు పెంకులు, కాఫీ పొడి, జీవామృతం. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. కానీ ఏం వేశామన్న దానికంటే ఎప్పుడు వేశామన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. ఈ పోస్ట్ అంతా ఆ "ఎప్పుడు" గురించే.

మొక్కకి ఆకలా, చలా?

సేంద్రియ ఎరువుని మొక్క నేరుగా తినలేదు. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి పెడితేనే వేర్లు తీసుకుంటాయి. మట్టి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉంటే ఆ వంటవాళ్ళు దాదాపు నిద్రలోనే ఉంటారు. చల్లటి మట్టిలో టమాటా ఆకుల అడుగు ఊదా రంగుకి తిరగడం చూసే ఉంటారు. చాలాసార్లు మట్టిలో ఫాస్ఫరస్ ఉంటుంది, చలికి వేరు దాన్ని తీసుకోలేకపోతోంది, అంతే. వెచ్చబడితే అదే సర్దుకుంటుంది.

అందుకే ముందు పది, పదిహేను డాలర్లు పెట్టి ఒక సాయిల్ థర్మామీటర్ కొనుక్కోండి. పొద్దున్నే 4 అంగుళాల లోతులో చూడండి. 60 డిగ్రీలు దాటాక టమాటా, వంకాయ. 65 నుంచి 70 వచ్చాక బెండ, గోంగూర. డాలస్‌లో ఉన్నవాళ్ళ తేదీ న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి పనికిరాదు. ఫ్రెండు వేసిందని మనం వెయ్యక్కర్లేదు.

వంటింటి ఎరువులు: నిజంగా ఏం ఇస్తాయి?

గుడ్డు పెంకులు దాదాపు మొత్తం కాల్షియం కార్బోనేటే. చేత్తో నలిపి వేస్తే ఏళ్ళ తరబడి అలాగే కనిపిస్తాయి. మిక్సీలో మెత్తగా పొడి చేసి వేస్తే, అదీ మట్టి ఆమ్లంగా ఉంటే, నెమ్మదిగా కరుగుతాయి. టమాటా అడుగు నల్లబడితే పెంకులు వేసేస్తాం కానీ, ఎక్కువసార్లు అసలు కారణం నీళ్ళు ఒకరోజు ఎక్కువ, నాలుగు రోజులు సున్నా పెట్టడమే.

అరటి తొక్కల్లో పొటాషియం ఉంది. కానీ స్ప్రింగ్‌లో ఆకు పెరగడానికి కావాల్సింది నైట్రోజన్. అది తొక్కలు నానబెట్టిన నీళ్ళలో ఉండేది నామమాత్రమే. తొక్కల్ని కంపోస్ట్‌లో వెయ్యండి, అక్కడే వాటి విలువ.

వాడేసిన కాఫీ పొడిలో నైట్రోజన్ సుమారు 2 శాతం. మొక్క మొదట్లో మందంగా పరిస్తే అట్టకట్టి నీళ్ళు దిగనివ్వదు, చిన్న మొలకల్ని అణచేస్తుంది. కంపోస్ట్‌లో ఐదో వంతు మించకుండా కలపండి.

బియ్యం కడిగిన నీళ్ళు నిక్షేపంగా పొయ్యండి. పోషకాలు కొంచెమే, కానీ సింకులో పోసేకన్నా నయం. ఉప్పు పడిన పప్పు, చారు మాత్రం వద్దు.

జీవామృతం: ఇక్కడ కొంచెం ఆగాలి

సుభాష్ పాలేకర్ గారి పద్ధతి మనవాళ్ళకి బాగా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్న ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇందులో ఎరువు తక్కువ, తోడు ఎక్కువ. పాలకి పెరుగు తోడులాగా, మట్టికి సూక్ష్మజీవుల తోడు. అక్కడ మట్టి వెచ్చగా ఉంటుంది, పైన ఆకులు, గడ్డి కప్పి ఉంటాయి కాబట్టి ఆ తోడు పట్టుకుంటుంది. న్యూజెర్సీలో ఏప్రిల్ మొదటి వారం చల్లటి మట్టి మీద పోస్తే ఏం పట్టుకుంటుంది?

ఇంతకంటే పెద్ద విషయం ఒకటుంది. ఇది పచ్చి పేడ. ఆరోగ్యంగా ఉన్న ఆవు పేడలో కూడా మనుషులకి ప్రమాదకరమైన ఈ-కోలై ఉండొచ్చు. బెల్లం మంచి సూక్ష్మజీవులతో పాటు చెడ్డవాటికీ మేతే. అమెరికా ఆర్గానిక్ నిబంధనల ప్రకారం పచ్చి పేడ మట్టిలో కలిపాక, మట్టికి తగిలే పంట కోయడానికి కనీసం 120 రోజులు, తగలని పంటకి 90 రోజులు ఆగాలి. అది రైతులకి పెట్టిన రూలే కానీ, మన పెరట్లో కొత్తిమీర పచ్చిగా తినేది మన పిల్లలే కదండీ. లెక్క వేసి చూడండి: జులై 1న కోయాలంటే మార్చి 3 నాటికే పేడ పడిపోవాలి. ఏప్రిల్‌లో జీవామృతం పోసి మే నెలలో కొత్తిమీర, మెంతికూర కోస్తే లెక్క ఎక్కడ కుదురుతుంది?

మానెయ్యమని కాదు, కాలం మార్చమంటున్నా. దీపావళి రోజుల్లో ఖాళీ మడికి పొయ్యండి, పైన రాలిన ఆకులు కప్పండి. వేసవి కూరల నాటికి 120 రోజులు ఎప్పుడో దాటిపోతాయి. చలికాలంలో కూడా ఆకుకూరలు పండించే టెక్సాస్, కాలిఫోర్నియా వాళ్ళు ఆ మడి మటుకు ఖాళీగా వదలాలి.

ఇండియా నుంచి పిడకలు తెచ్చుకుందామన్న ఆలోచన మాత్రం వద్దు. గాలికుంటు వ్యాధి భయంతో ఇక్కడికి రానివ్వరు. 2021లో వాషింగ్టన్ డల్లెస్ ఎయిర్‌పోర్టులో వదిలేసిన సూట్‌కేసులో దొరికిన రెండు పిడకల్ని కస్టమ్స్ వాళ్ళు నాశనం చేశారు.

ఫ్రీ ఎరువుతో నా అనుభవం

మూడేళ్ళ క్రితం ఒక గుర్రాల ఫారంలో ఫ్రీగా ఇస్తున్నారంటే, కారు డిక్కీ నింపుకుని బాగా మాగిన ఎరువు తెచ్చాను. రెండు వారాలకే టమాటా చిగుళ్ళు ఫెర్న్ ఆకుల్లా ముడుచుకుపోయాయి. వైరస్ అనుకుని పీకేసి మళ్ళీ నాటాను. అవీ అంతే. తర్వాత తెలిసింది: గడ్డి పొలాల్లో కొట్టే అమినోపిరాలిడ్, క్లోపిరాలిడ్ లాంటి కలుపు మందులు పశువు కడుపు దాటి, కంపోస్ట్ కూడా దాటి బతుకుతాయి. పశువుకి ఏమీ కాదు, టమాటా, చిక్కుడు జాతి మొక్కలు మాత్రం తట్టుకోలేవు. ఆ మడి ఆ ఏడాది వృథా.

ఇప్పుడు కొత్త ఎరువు ఏది తెచ్చినా ముందు చిక్కుడు గింజలతో పరీక్ష చేస్తాను. మూడు కుండీల్లో ఎరువు కలిపిన పాటింగ్ మిక్స్, మూడింట్లో ఉత్త మిక్స్. కింద ప్లేట్లు వేరుగా ఉండాలి, ఒకదాని నీళ్ళు ఇంకోదానికి తగలకూడదు. మూడు వారాలు చూడండి. ఎరువు కుండీల్లో మాత్రమే ఆకులు దొప్పల్లా ముడుచుకుంటే దాన్ని తోటలోకి రానివ్వకండి.

మరి ఇప్పుడు ఏం వెయ్యాలి?

నాటేముందు బాగా మాగిన కంపోస్ట్ గానీ వర్మీకంపోస్ట్ గానీ ఒక అంగుళం మందం చాలు. ఏటా వేసేవాళ్ళు ముందు కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ద్వారా మట్టి పరీక్ష చేయించండి, ఫాస్ఫరస్ పేరుకుపోయి ఉండొచ్చు. నాటిన రెండు మూడు వారాలకి, మట్టి వెచ్చబడ్డాక, నైట్రోజన్ కోసం పత్తి చెక్క పొడి పైపైన కలపండి, లేదా ఫిష్ ఎమల్షన్ సీసా మీద ఉన్న కొలత ప్రకారం నీళ్ళలో కలిపి పొయ్యండి. పూత మొదలయ్యాక నైట్రోజన్ తగ్గించండి, లేకపోతే చెట్టు నిండా ఆకే, కాయ ఉండదు.

పేడ దీపావళికి, కంపోస్ట్ ఉగాదికి. ఇదొక్కటి గుర్తుంటే చాలు. మీ మట్టి ఇవాళ ఎన్ని డిగ్రీలు ఉందో, మీ ఊరి పేరుతో సహా కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో అందరివీ చదువుదాం.