పసుపు లైట్ మిణుకుమంటే: ప్లగ్గులు కొనే ముందు సిలిండర్ పట్టుకోండి

ఎపిసోడ్‌లో వ్యాన్ ఇంజన్ మిస్సింగ్ గురించి గబగబా చెప్పేశాను. "బండి పక్కన నిలబడి చూసుకునేలా రాసిపెట్టన్నా" అని అడిగారు. అందుకే ఇది.

ముందు మా సైట్ కుర్రాడి సంగతి. ఉండేది ఈస్ట్‌హామ్‌లో, పని డార్ట్‌ఫర్డ్ అవతల. పాత పెట్రోల్ వ్యాన్ కొన్నాడు. ఎందుకు పెట్రోల్ అంటే, 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నిటికీ యూలెజ్ వచ్చింది. రూల్‌కి సరిపోని వ్యాన్ తీస్తే రోజుకి 12.50 పౌండ్లు కట్టాలి. డీజిల్‌కి యూరో 6 కావాలి, పెట్రోల్‌కి యూరో 4 చాలు. అందుకే మనవాళ్లలో కొందరు పాత పెట్రోల్ బండ్ల వైపు చూస్తున్నారు.

ఖాళీ బండి బాగానే పోయేది. ప్లాస్టర్‌బోర్డులు వేసుకుని డార్ట్‌ఫర్డ్ దగ్గర ఎలిజబెత్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు జర్కులు, డాష్‌బోర్డులో ఇంజన్ లైట్ మిణుకు మిణుకు. బండి ఆపితే రోజు కూలి పోతుందని పది రోజులు అలాగే తోలాడు. తర్వాత ఒక గరాజ్‌లో టెస్ట్ ఏమీ చేయకుండా నాలుగు ప్లగ్గులూ మార్చారు. జర్కు పోలేదు. చివరికి తేలింది మూడో సిలిండర్ కాయిల్. అది నలభై పౌండ్లే. కానీ ఆ పది రోజుల్లో క్యాటలిటిక్ కన్వర్టర్ పాడైంది. దానికి ఆరు వందలు దాటింది.

ఖాళీగా బాగుండి బరువు మీద ఎందుకు కొట్టుకుంటుంది?

బ్యాటరీ 12 వోల్టులే ఇస్తుంది. కాయిల్ దాన్ని వేల వోల్టులకు పెంచితే ప్లగ్గు కొన దగ్గర నిప్పురవ్వ దూకుతుంది. వాడేకొద్దీ కొన అరిగి గ్యాప్ పెరుగుతుంది, రవ్వ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజి కావాలి. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు రవ్వ దూకడం మరీ కష్టం. అందుకే ఐడిల్‌లో తెలియని జబ్బు బ్రిడ్జి మీద బయటపడుతుంది. ఇంకో సంగతి, అరిగిన ప్లగ్గు కాయిల్‌ని కూడా అలసగొట్టి చంపుతుంది.

పెద్ద లారీలు, సైట్ టిప్పర్లు దాదాపు అన్నీ డీజిల్. వాటికి స్పార్క్ ప్లగ్గులు ఉండవు. కొన్నిటికి ఉండేది చలిలో స్టార్ట్ చేయడానికి హీటర్ ప్లగ్గు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివిన నేనే మొదట్లో ఈ పెట్రోల్ బండ్ల దగ్గర తడబడ్డాను.

లైట్ ఏం చెబుతోంది?

నిలకడగా వెలిగితే త్వరలో చూపించమని. మిణుకుమంటే మిస్సింగ్ గట్టిగా ఉందని, యాక్సిలరేటర్ తగ్గించి, భద్రమైన చోటు చూసి ఆపమని. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోకి పోయి కన్వర్టర్ లోపల మండుతుంది. అది ఎర్రగా కాలి లోపల కరిగిపోవచ్చు. మోటార్‌వే మీద ఆగిపోతే ఎడమ తలుపు నుంచి దిగి, రెయిలింగ్ అవతల నిలబడండి. బానెట్ అక్కడ ఎత్తొద్దు.

ఇప్పుడు వరుసగా చూద్దాం

ఒకటి, కోడ్. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. పాతిక పౌండ్ల లోపు కోడ్ రీడర్ పెట్టి చూడండి. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0303 అంటే మూడోది. పీ0300 అంటే ఒక్కచోట కాదు, అక్కడా ఇక్కడా మిస్సవుతోందని. చాలా ఇంజన్లలో బెల్టు లేదా చైన్ వైపుది ఒకటో సిలిండర్, కానీ అన్నిట్లో కాదు. మాన్యువల్ చూడండి.

రెండు, కాయిల్ మార్పిడి. ఇంజన్ ఆపి, చల్లారాక, మూడో కాయిల్ రెండోదాని మీద, రెండోది మూడోదాని మీద పెట్టండి. కోడ్ చెరిపి కొద్దిదూరం నడపండి. పీ0302కి మారితే కాయిలే దొంగ. పీ0303 దగ్గరే ఉంటే ప్లగ్గు విప్పండి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడు, ప్లగ్గు ముఖం. లేత గోధుమ లేదా బూడిద రంగు ఉంటే బాగున్నట్టే. పొడి నల్ల మసి ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. పెట్రోల్‌తో తడిగా ఉంటే అక్కడ మంట పడట్లేదు. కొన మీద ఆయిల్ ఉంటే రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయి. ప్లగ్గు గుంతలో ఆయిల్ నిలిస్తే పైన రాకర్ కవర్ గాస్కెట్ కారుతోంది. తెల్లగా బొబ్బలు కడితే ఇంజన్ మరీ వేడెక్కుతోంది. కొన గుండ్రమైపోయి గ్యాప్ పెరిగితే అరిగిపోయినట్టు, అప్పుడు సెట్ మొత్తం మార్చండి.

నాలుగు, బిగించడం. ముందు చేత్తోనే తిప్పండి. సాఫీగా దిగకపోతే విప్పి మళ్లీ పెట్టండి. తర్వాత టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంతే. హెడ్ అల్యూమినియం, బలం చూపిస్తే మర పోతుంది. ఆ రిపేరు ప్లగ్గు ఖరీదుకి ఎన్నో రెట్లు.

ప్లగ్గూ కాయిలూ బాగుండి కూడా మిస్సవుతుంటే ఇంజెక్టర్, గాలి లీకు, కంప్రెషన్ చూడాలి. అది గరాజ్ పని. అక్కడ ఊరికే "బండి బాగా లేదు" అనకండి. "సిలిండర్ త్రీ మిస్‌ఫైర్, కాయిల్ స్వాప్ చేశాను, కోడ్ మూవ్ కాలేదు" అనండి. తెలిసి వచ్చినవాడికి అనవసరం సామాను అంటగట్టడం కష్టం.

2018 మే నుంచి ఇంజన్ లైట్ వెలిగి ఉంటే ఎంఓటీలో మేజర్ డిఫెక్ట్, అంటే ఫెయిల్. పెట్రోల్ బండ్లలో 2003 జూలై 1 తర్వాత రోడ్డెక్కినవాటికి ఇది వర్తిస్తుంది. లైట్ మీద టేప్ అంటించిన బండ్లు చూశాను. టేప్ వల్ల ఎంఓటీ పాస్ కాదు, కన్వర్టర్ బతకదు.

చివరిగా ఒక మాట. అది కంపెనీ బండి అయితే మీరు విప్పకండి. పొద్దున చెక్ షీట్‌లో రాసి, సూపర్‌వైజర్‌కి చెప్పండి. "నువ్వే పాడు చేశావంటారేమో" అని దాచకండి. నేనూ సూపర్‌వైజర్‌నే. లైట్ వెలిగిందని మొదటి రోజే చెప్పినవాడిని నేను ఏమీ అనను. పది రోజులు దాచితే నలభై పౌండ్ల పని ఆరు వందలు అవుతుంది. ఆ కుర్రాడు ఇప్పుడు సీటు కింద కోడ్ రీడర్ పెట్టుకుని తిరుగుతున్నాడు.