ఊళ్లు లేని కొండ, విమానాలున్న ఆకాశం

అలాస్కాలోని యాంకరేజ్ నగరానికి నైరుతిన సుమారు 170 కిలోమీటర్ల దూరంలో రిడౌట్ అగ్నిపర్వతం ఉంది. ఎత్తు 3,108 మీటర్లు. చుట్టూ మంచు, అడవి, రోడ్లు లేని కొండలు. ఇలాంటి చోట ఏది పేలితే ఎవరికి నష్టం?

1989 డిసెంబరు 15న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి యాంకరేజ్‌కు దిగుతున్న కేఎల్‌ఎం విమానం రిడౌట్ బూడిద మేఘంలో చిక్కుకుంది. లోపల 245 మంది. ఆరు నెలలు కూడా నిండని బోయింగ్ 747 అది. అగ్నిపర్వత బూడిద మన పొయ్యిలోని బూడిదలాంటిది కాదు. రాతిపొడి, గాజు రేణువుల కలగలుపు. విమానాల వాతావరణ రాడార్‌కు అది కనిపించదు. ఆ గాజు 1,100 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జెట్ ఇంజిన్‌లో వేడేమో 1,400 డిగ్రీల దాకా ఉంటుంది. పైకెగిరి తప్పించుకుందామని పైలట్లు పూర్తి శక్తి ఇచ్చారు. దాంతో ఇంజిన్లు మరింత వేడెక్కి, మరింత బూడిదను మింగాయి. కరిగిన గాజు టర్బైన్లకు పేరుకుని గాలి దారి మూసేసింది. నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి!

విమానం నాలుగు కిలోమీటర్లకు పైగా కిందికి జారాక, చల్లారిన గాజు పెళుసెక్కి రాలిపోయింది. ఇంజిన్లు మళ్లీ అందుకున్నాయి. అందరూ క్షేమంగా దిగారు గానీ, నాలుగు ఇంజిన్లూ మార్చాల్సి వచ్చింది. నష్టం దాదాపు 8 కోట్ల డాలర్లు.

రిడౌట్ పేలుడు స్వభావానికి మూలం భూగర్భంలో ఉంది. పసిఫిక్ ఫలకం ఉత్తర అమెరికా ఫలకం కిందికి దూరుతూ తనతో నీటిని లోపలికి తీసుకుపోతుంది. ఆ నీరు చేరిన శిల తక్కువ వేడికే కరుగుతుంది. అలా పుట్టే శిలాద్రవం చిక్కన. అందులోని వాయువులు తేలిగ్గా బయటపడలేవు, ఒత్తిడి పెరిగి పేలతాయి. లావా, బూడిద పొరలు పొరలుగా పేరుకునే ఈ రకం కొండలను స్ట్రాటోవోల్కనోలు అంటారు.

రెండో ముప్పు మంచు. వేడికి హిమానీనదం కరిగి, బురద వరదై డ్రిఫ్ట్ నది వెంట దూసుకొస్తుంది. ఆ నది ముఖద్వారంలో చమురు ట్యాంకులు కట్టడం ఏం తెలివో! 1990లో వరద అక్కడిదాకా వచ్చింది. తర్వాత రక్షణ కట్ట కట్టారు. 2009లో మళ్లీ బురద ముంచుకొచ్చినా చమురు సముద్రం పాలు కాలేదు.

ఇప్పుడు ప్రపంచమంతటా తొమ్మిది కేంద్రాలు ఆకాశంలోని బూడిదపై విమానాలను హెచ్చరిస్తున్నాయి. అండమాన్ సముద్రంలోని మన అగ్నిపర్వత దీవి బ్యారెన్‌లోనూ జనం లేరు. దాని బూడిదపై హెచ్చరికలు ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రం నుంచి వస్తాయి.