లెటీ: చితికిన బతుకుల నేల మీద పందుల ఫారం

చెక్ దేశంలో ప్రాగ్ నగరానికి దక్షిణాన లెటీ అని ఓ చిన్న పల్లె ఉంది. ఆ ఊరి పక్కన 1970ల్లో కమ్యూనిస్టు ప్రభుత్వం పందుల ఫారం కట్టింది. పదమూడు వేల దాకా పందులుండేవి. ఆ నేల సంగతి కట్టినవాళ్లకు తెలియనిది కాదు. అంతకు ముప్పై ఏళ్ల ముందు అక్కడ రోమా (జిప్సీ) కుటుంబాలను బంధించిన క్యాంపు ఉండేది.

లెటీ క్యాంపు 1940లో, నాజీల ఆక్రమణ కాలంలో, పని చేయరని ముద్రపడిన మగవాళ్ల కోసం మొదలైంది. 1942 ఆగస్టు నుంచి అక్కడికి రోమాలను ఇంటిల్లిపాదినీ తోలుకొచ్చారు. ముసలివాళ్లు, నిండు చూలాళ్లు, చంటిపిల్లలు, ఎవరినీ వదల్లేదు. రాగానే జుట్టు గొరిగించారు. బళ్లు, గుర్రాలు, సామాన్లు లాక్కున్నారు. కొన్ని వందల మందికి మాత్రమే సరిపోయే చెక్క గుడిసెల్లో వెయ్యి మందికి పైగా కుక్కారు. మగవాళ్లను, ఆడవాళ్లను రాళ్లు కొట్టే పనికి, రోడ్డు పనికి పంపారు. ఆ చలికాలంలో టైఫస్ జ్వరం పాకింది. అక్కడ నిర్బంధించిన 1,300 మందికి పైగా మనుషుల్లో 300 మందికి పైగా ఆ గుడిసెల్లోనే ప్రాణాలు విడిచారు. పోయినవాళ్లలో ఎక్కువమంది పిల్లలే. క్యాంపులో పుట్టిన ముప్పై మందికి పైగా పసికందుల్లో దాదాపు ఎవరూ బతికి బట్టకట్టలేదు. వాళ్లకు ఊపిరాడిన కాలమంతా ముళ్లకంచె లోపలే గడిచింది.

ఈ కథలో మింగుడుపడని ముక్క మరొకటుంది. అక్కడ కాపలా కాసినవాళ్లు జర్మన్లు కారు, చెక్ పోలీసులు. క్యాంపు కమాండెంటూ చెక్ మనిషే. ఆజ్ఞ నాజీలది, లాఠీ స్థానికులది. యుద్ధం ముగిశాక కమాండెంట్ మీద విచారణ నడిచింది, శిక్ష మాత్రం పడలేదు. ఊరివాళ్లు ఆ రోజుల గురించి దశాబ్దాల పాటు నోరు మెదపలేదంటే కారణం ఇదేనని నాకనిపిస్తుంది. పరాయివాడు చేసిన పాపాన్ని చెప్పుకోవడం తేలిక. పక్కింటి పోలీసు చేసినదాన్ని ఎవరు తవ్వుకుంటారు?

లెటీలో మిగిలినవాళ్లలో చాలామంది కథ నాజీల మృత్యు శిబిరం ఆష్విట్జ్‌లో ముగిసింది. రోమాలను ఆష్విట్జ్‌కు తరలించాలని 1942 డిసెంబరు 16న నాజీ నేత హిమ్లర్ ఉత్తర్వు ఇచ్చాడు. లెటీ నుంచి అయిదు వందల మందికి పైగా ఆష్విట్జ్ రైళ్లెక్కారు. అక్కడికి చేరిన దాదాపు 23 వేల మంది రోమా, వాళ్లకు దగ్గరి తెగ అయిన సింతీలలో చాలావరకు చనిపోయారు. 1944 ఆగస్టు 2 రాత్రి, మిగిలి ఉన్న నాలుగు వేల మందికి పైగా మనుషులను గ్యాస్ గదులకు తోలారు. యుద్ధానికి ముందు చెక్ ప్రాంతాల్లో స్థిరపడిన రోమా సమాజం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పశ్చిమ జర్మనీ ఈ హత్యలను జాతి విద్వేషంతో చేసినవని అధికారికంగా ఒప్పుకున్నది 1982లో. అప్పటికి చాలామంది బాధితులు పరిహారం అందకుండానే కన్నుమూశారు.

ఇదంతా ఒక్క రాత్రిలో ఊడిపడలేదు. 1927లోనే చెకోస్లొవేకియా సంచారం చేసే రోమాలపై ఓ చట్టం తెచ్చింది. గుర్తింపు కార్డులు, వేలిముద్రలు, అడుగడుగునా పోలీసు అనుమతులు. నాజీలు వచ్చేసరికి ఎవరెక్కడున్నారో తెలిపే జాబితాలు సిద్ధంగా ఉన్నాయి. ఈ మాట చదివితే తెలుగువాళ్లకు స్టూవర్టుపురం గుర్తుకు రాకమానదు. నేరస్థ జాతుల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలవాళ్లను జాతి మొత్తంగా నేరస్థులని రాసుకుని, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి, హాజరు పట్టీలతో కాపలా కాశారు. ఆ చట్టం 1952లో పోయింది. దాని నీడ ఇంకా పోలేదు. ఒక మనిషిని అతని పుట్టుకను బట్టి దొంగ అని రాసుకున్న రోజే ఆపద మొదలవుతుంది.

లెటీ గొడవ మళ్లీ లేచింది 1990ల్లో. 1995లో అధ్యక్షుడు వాత్స్లావ్ హావెల్ స్వయంగా వచ్చి అక్కడ స్మారకం ఆవిష్కరించాడు. పందులు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏటా మే నెలలో దండలు పట్టుకుని వచ్చిన బంధువులు కంపు పీలుస్తూ నివాళి అర్పించారు. ఫారాన్ని తొలగించమని యూరోపియన్ పార్లమెంటు కోరింది. డబ్బెక్కడుందని ప్రభుత్వాలు దాటవేశాయి. అది అసలు క్యాంపే కాదని వాదించిన రాజకీయ నాయకులూ ఉన్నారు. క్యాంపు బాధితుల కొడుకు చెనెక్ రూజిచ్కా మాత్రం దశాబ్దాల పాటు పట్టు వదల్లేదు. చివరికి 2017లో ప్రభుత్వం దాదాపు 45 కోట్ల చెక్ కొరూనాలకు ఫారం కొనేందుకు ఒప్పుకుంది. 2022లో కూల్చివేత మొదలైంది. ఆ ఏడాది చివర్లోనే రూజిచ్కా కన్నుమూశాడు. తవ్వకాల్లో క్యాంపు సమాధుల ఆనవాళ్లు బయటపడ్డాయి. బ్రనో నగరంలోని రోమా సంస్కృతి మ్యూజియం నిర్వహణలో 2024లో అక్కడ స్మారక కేంద్రం తెరుచుకుంది.

ప్రాగ్ చూడటానికి ఇప్పుడు మన ఊళ్ల నుంచి ఎందరో వెళ్తున్నారు. వంతెన, కోట, గడియారం చూసొస్తున్నారు. ఇంకొక్క పూట మిగిలితే లెటీ కూడా వెళ్లండి. ఆ మనుషుల పేర్లు అక్కడ చదివి రండి.