హ్యూమిడార్‌లో తేమ నియంత్రణ

హ్యూమిడార్ అనగా సిగార్లు ఎండిపోకుండా, బూజు పట్టకుండా ఒకే స్థాయి తేమలో నిల్వ ఉంచుటకు వాడే మూతపెట్టె. సిగార్ దుకాణాలలో గదులంత పెద్ద హ్యూమిడార్లు ఉంటాయి. ఇళ్ళలో బల్లపై ఉంచుకొనే చిన్నవాటిలో సాధారణంగా 20 నుండి 50 సిగార్లు పడతాయి. పెద్ద గదిలో కంటె చిన్న పెట్టెలో తేమను నిలకడగా ఉంచడం కష్టం. పెట్టె చిన్నదయ్యేకొద్దీ దాని ఘనపరిమాణంతో పోల్చితే గోడల వైశాల్యం, మూత అంచుల పొడవు ఎక్కువవుతాయి. తేమ బయటికి పోయే దారులు ఈ గోడలు, అంచులే.

చరిత్ర

సిగార్లకు ప్రసిద్ధి పొందిన క్యూబా దేశం ఉష్ణమండలంలో ఉన్న ద్వీపం. అక్కడి గాలిలో సహజంగానే తేమ ఎక్కువ. అక్కడ చుట్టిన సిగార్లు ఐరోపాకు, ఉత్తర అమెరికాకు చేరి, చలికాలంలో వెచ్చచేసిన పొడి గదులలో ఉండవలసి రావడంతో నిల్వ సమస్య మొదలైంది. 1907లో లండన్‌లో పొగాకు దుకాణం తెరిచిన ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ వంటి వర్తకులు, తరువాతి కాలంలో జెనీవాకు చెందిన జీనో డేవిడాఫ్, వినియోగదారులకు నిల్వ పద్ధతులను అలవాటు చేశారు. హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ 1961లో అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీకి బహూకరించిన హ్యూమిడార్, 1996లో న్యూయార్క్ వేలంలో 5,74,500 డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ ధర దాని యజమాని పేరుకే గాని, తేమను నిలిపే గుణానికి కాదని వేరుగా చెప్పనక్కరలేదు.

తేమ ఎంత ఉండాలి

సిగార్ పూర్తిగా పొగాకు ఆకులతో చేసినది. పొగాకు ఆకు చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను పీల్చుకొంటుంది, వదులుతుంది. తేమ తగ్గితే పై ఆకు పెళుసుబారి పగులుతుంది, సువాసననిచ్చే నూనెలు ఆవిరైపోతాయి, సిగార్ త్వరగా, వేడిగా కాలుతుంది. తేమ పెరిగితే లోపలి ఆకు ఉబ్బి పై ఆకును చీలుస్తుంది, పొగ సరిగా రాదు, మాటిమాటికి ఆరిపోతుంది. సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటి చాలా రోజులు ఉంటే బూజు పట్టే అవకాశం ఉన్నది.

70 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 21 డిగ్రీల సెల్సియస్) ఉష్ణోగ్రత వద్ద 70 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉండాలనేది పాత సూత్రం. గుర్తుపెట్టుకొనుటకు ఇది సులభం గాని శాసనం కాదు. ఇప్పుడు చాలామంది 65 నుండి 70 శాతం మధ్యను మేలైనదిగా భావిస్తారు. క్యూబా సిగార్లకు 62 నుండి 65 శాతం చాలుననేవారూ ఉన్నారు. ఈ అవధిలో ఏ సంఖ్యను ఎంచుకొన్నారన్న దానికంటె, ఎంచుకొన్న సంఖ్య వద్ద నిలకడగా ఉంచడమే ముఖ్యం. తేమ తరచుగా హెచ్చుతగ్గులైతే ఆకులు వ్యాకోచించి, సంకోచించి పై ఆకు విడిపోతుంది.

పెట్టెలో నీరు ఎక్కడ ఉంటుంది

హ్యూమిడార్ పనిచేసే తీరు అర్థం కావాలంటే చిన్న లెక్క ఒకటి చూడాలి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనమీటరు గాలి అత్యధికంగా 17.3 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 10 లీటర్ల పెట్టెలోని గాలిలో 70 శాతం ఆర్ద్రత వద్ద ఉండే నీరు 0.12 గ్రాములు మాత్రమే, అనగా రెండు మూడు చుక్కలు. అదే పెట్టెలో 12 గ్రాముల బరువున్న సిగార్లు 25 ఉండి, వాటి బరువులో ఎనిమిదో వంతు నీరు అనుకొంటే, వాటిలోని నీరు సుమారు 37 గ్రాములు. పెట్టె లోపలి చెక్క ఒక కిలో ఉంటే, 70 శాతం ఆర్ద్రతతో సమతుల్యానికి వచ్చినపుడు అందులో దాదాపు 130 గ్రాముల నీరు ఉంటుంది.

దీనినిబట్టి పెట్టెలోని నీటిలో గాలిలో ఉన్నది వెయ్యో వంతుకంటె తక్కువ. తేమను నిలిపేది గాలి కాదు, చెక్కా సిగార్లూ. మూత తెరవగానే హైగ్రోమీటరు ముల్లు 70 నుండి 60కి పడిపోవడం చూసి చాలామంది కంగారుపడి మరింత నీరు పోస్తారు. అప్పుడు పోయినది కొద్ది మిల్లీగ్రాముల నీరే. మూత మూసిన తరువాత చెక్క ఆ లోటును తానే పూరిస్తుంది. చాలా గంటలు గడచినా ముల్లు పైకి రాకపోతేనే చెక్క ఎండి ఉన్నదని గాని, మూత సరిగా పట్టడం లేదని గాని భావించాలి. ఖాళీగా ఉన్న పెట్టెకంటె మూడు వంతులు నిండిన పెట్టెలో తేమ నిలకడగా ఉండుటకు కారణం కూడా ఇదే.

మూత వదులుగా ఉంటే ఏమవుతుందో ఇదే లెక్కతో తెలుసుకోవచ్చు. 30 శాతం ఆర్ద్రత ఉన్న గదిలో, అదే 20 డిగ్రీల వద్ద, పెట్టెలోని గాలి ఒకసారి పూర్తిగా మారితే సుమారు 0.07 గ్రాముల నీరు పోతుంది. రోజుకు పదిసార్లు మారితే నెలకు 21 గ్రాములు. మూత మంచిదైతే నెలల తరబడి వచ్చే తేమ సాధనం, వదులు మూత ఉన్న పెట్టెలో కొద్ది వారాలకే ఎండిపోవుట అందువలననే. మూతను పరీక్షించుటకు ఒక కరెన్సీ నోటును అంచు వద్ద ఉంచి మూసి లాగి చూస్తారు. నాలుగు వైపులా నోటు బిగుతుగా ఉండాలి. చీకటి గదిలో పెట్టె లోపల చిన్న టార్చిలైటు వెలిగించి మూస్తే వెలుతురు బయటికి కనిపించరాదు.

చెక్క

పెట్టెల లోపలి పొరకు ఎక్కువగా వాడే చెక్కను 'స్పానిష్ సెడార్' అంటారు. పేరుకు సెడార్ అయినా ఇది దేవదారు జాతి కాదు, స్పెయిన్‌లో పుట్టినదీ కాదు. దీని శాస్త్రీయ నామం సెడ్రెలా ఒడొరాటా. మధ్య, దక్షిణ అమెరికా ఖండాలలోను, కరీబియన్ దీవులలోను పెరిగే ఈ చెట్టు వేప, మహాగని చెట్లు గల మీలియేసి కుటుంబానికి చెందినది. తేమను బాగా పీల్చుకొని నెమ్మదిగా వదలడం, తేమలో త్వరగా కుళ్ళకపోవడం, పొగాకుకు నప్పే వాసన దీని గుణాలు.

కొత్త పెట్టెలోని చెక్క పొడిగా ఉంటుంది. 40 శాతం ఆర్ద్రతకు అలవాటుపడిన చెక్కను 70 శాతానికి తేవాలంటే కిలోకు 50 గ్రాములకు పైగా నీరు కావాలి. ఈ పని ముందుగా చేయకపోతే చెక్క ఆ నీటిని సిగార్ల నుండే లాగుకొంటుంది. కొత్త పెట్టెలో పెట్టిన సిగార్లు ఎండిపోవుటకు సర్వసాధారణమైన కారణం ఇదే. తడిగుడ్డతో చెక్కను తుడవడం పాత పద్ధతి. దీనివలన చెక్క ఒకచోట ఉబ్బి వంకర పోవచ్చు గనుక ఇది మంచిది కాదు. చిన్న గిన్నెలో స్వేదనజలం పోసి, లేదా 84 శాతం ఆర్ద్రతనిచ్చే పొట్లాలు ఉంచి, రెండు వారాలు మూసి ఉంచడం మేలు. తొందరపడితే మళ్ళీ మొదలుపెట్టవలసి వస్తుంది.

తేమనిచ్చే సాధనాలు

పాత పెట్టెలలో స్వేదనజలంతో తడిపిన స్పాంజి ఉండేది. ఇది నీటిని ఇవ్వడమే గాని తిరిగి తీసుకోదు. పంపునీరు వాడితే అందులోని లవణాలు రంధ్రాలను మూసివేస్తాయి. స్పాంజిపై బూజు పెరుగుతుంది. దీనికి విరుగుడుగా ప్రొపిలీన్ గ్లైకాల్, స్వేదనజలం సమపాళ్ళలో కలిపిన ద్రావణం వాడుకలోకి వచ్చింది. ఇది గాలిని సుమారు 70 శాతం వద్ద ఉంచుటకు తోడ్పడుతుంది, బూజును అడ్డుకొంటుంది. ఇందులో నీరు మాత్రమే ఆవిరై గ్లైకాల్ మిగిలిపోతుంది. కాబట్టి తరువాత పోయవలసినది స్వేదనజలమే. ప్రతిసారి ద్రావణాన్నే పోస్తే గ్లైకాల్ పాలు పెరిగి తేమ తగ్గుతుంది.

చిన్న పెట్టెలకు నేడు ఎక్కువగా వాడేవి బోవెడా వంటి రెండువైపుల పొట్లాలు. వీటిలో లవణాల సంతృప్త ద్రావణం, నీటి ఆవిరిని మాత్రమే పోనిచ్చే పొరలో ఉంటుంది. ప్రతి లవణపు సంతృప్త ద్రావణం తనదైన ఒక ఆర్ద్రత వద్ద గాలితో సమతుల్యంలో ఉంటుంది. అంతకంటె గాలి పొడిగా ఉంటే నీటిని ఇస్తుంది, తడిగా ఉంటే తీసుకొంటుంది. 62, 65, 69, 72 శాతం స్థాయిలలో ఇవి దొరుకుతాయి. 25 సిగార్లు పట్టే స్థలానికి 60 గ్రాముల పొట్లం ఒకటి చొప్పున వాడడం రివాజు. పొట్లం గట్టిపడితే నీరు అయిపోయినట్లు. చౌక కాకపోయినా, అనుభవం లేనివారికి ఇంతకంటె సులభమైన మార్గం లేదు.

హైగ్రోమీటరును సరిచూడడం

తల వెంట్రుక తేమకు సాగుతుందన్న సూత్రంపై స్విస్ శాస్త్రవేత్త ఒరాస్ బెనెడిక్ట్ ద సోసూర్ 1783లో వివరించిన పరికరం నుండి నేటి ఎలక్ట్రానిక్ పరికరాల వరకు హైగ్రోమీటర్లు అనేక రకాలు. చౌక పెట్టెలకు బిగించి వచ్చే ముల్లు పరికరాలను నమ్మరాదు. అవి పది శాతం వరకు తప్పు చూపడం అరుదు కాదు.

సరిచూచుటకు వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, కరగకుండా ముద్దగా తడిసేటంత మాత్రమే నీరు కలిపి, హైగ్రోమీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రోజు ఉంచాలి. ఉప్పు సంతృప్త ద్రావణం గది ఉష్ణోగ్రత వద్ద 75 శాతం ఆర్ద్రతనిస్తుంది. పరికరం 71 చూపితే దాని లెక్కకు ఎల్లప్పుడు 4 కలుపుకోవాలి. ఈ పరీక్ష చేయకుండా తేమను దిద్దబోవడం తప్పుడు త్రాసుతో తూచడం వంటిది.

ఉష్ణోగ్రత, పురుగులు

ఖాళీ డబ్బాలోని గాలిని 20 నుండి 25 డిగ్రీలకు వేడిచేస్తే దాని సాపేక్ష ఆర్ద్రత 70 నుండి సుమారు 53 శాతానికి పడిపోతుంది. చెక్క, సిగార్లు నిండిన పెట్టెలో ఇలా జరగదు. వేడికి అవి నీటిని వదలడం వలన ఆర్ద్రత తగ్గకపోగా స్వల్పంగా పెరుగుతుంది. ఎండ పడే కిటికీ వద్ద ఉంచిన పెట్టెలో వేడెక్కిన గోడ నుండి వెలువడిన ఆవిరి చల్లని వైపున చేరి, అక్కడి సిగార్లు చెమ్మగిల్లుతాయి.

వేడి వలన మరో ప్రమాదం పొగాకు పురుగు. లాసియోడెర్మా సెర్రికార్నే అను ఈ చిన్న గోధుమరంగు పురుగు గుడ్లు ఆకులోనే ఉండి, ఉష్ణోగ్రత 24 డిగ్రీలు దాటి కొనసాగితే పొదిగే అవకాశం పెరుగుతుంది. దాని పిల్లపురుగులు సిగార్లను తొలిచి, గుండుసూదితో గుచ్చినట్లు రంధ్రాలు చేస్తాయి. ఒక్క రంధ్రం కనిపించినా పెట్టెలోని సిగార్లన్నిటిని గాలి చొరని సంచులలో ఉంచి, ఒక రోజు ఫ్రిజ్‌లో, మూడు రోజులు మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో, తిరిగి ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి బయటికి తీయాలి. ఒకేసారి బయటికి తీస్తే పై ఆకు పగులుతుంది.

తెలుగునాట పరిస్థితి

పై సూత్రాలు చల్లని దేశాలను దృష్టిలో పెట్టుకొని ఏర్పడినవి. కోస్తా ఆంధ్రలో వర్షాకాలంలో గాలి తేమ తరచు 80 శాతం దాటుతుంది. తెలంగాణలో వేసవి మధ్యాహ్నాలలో 30 శాతానికి దిగువకు పడిపోతుంది. కోస్తాలో వర్షాకాలపు సమస్య తేమను ఇవ్వడం కాదు, తీసివేయడం. స్పాంజి అందుకు పనికిరాదు. రెండువైపుల పొట్లాలు గాని, ముందే 65 శాతానికి సిద్ధపరచిన సిలికా గుళికలు గాని వాడాలి. చెక్కపెట్టె కంటె రబ్బరు అంచు గల ప్లాస్టిక్ డబ్బాలో కొన్ని స్పానిష్ సెడార్ పలకలు వేసి వాడడం ఇక్కడి వాతావరణానికి ఎక్కువ అనుకూలం. చూపులకు బాగుండకపోయినా ఖరీదైన పెట్టెకంటె ఇది తేమను మెరుగుగా నిలుపుతుంది.

గోదావరి లంకలలో పండే లంక పొగాకుతో చేసే చుట్ట కూడా సిగార్ జాతిదే. దాని ఆకు సైతం తేమకు ఇదే విధంగా స్పందిస్తుంది. చుట్టగాని, సిగార్‌గాని, ఎంత బాగా నిల్వచేసినా నోటి, గొంతు కాన్సర్లకు కారణమవుతుంది. తేమ నియంత్రణకు ఆ హానితో సంబంధం లేదు.

ఎండిన సిగార్లను తిరిగి మెత్తబరచడం

ఎండిపోయిన సిగార్‌ను ఒక్కసారిగా 70 శాతం తేమలో పెడితే పై ఆకు, లోపలి ఆకు వేర్వేరు వేగాలతో ఉబ్బి చీలుతుంది. ముందుగా 62 శాతం పొట్లంతో రెండు మూడు వారాలు, తరువాత 65తో మరి కొన్ని వారాలు, చివరకు 69తో ఉంచాలి. వేళ్ళతో మెల్లగా నొక్కినపుడు చిటపట శబ్దం రాకుండా కొద్దిగా లోనికి పోయి తిరిగి పైకి వస్తే సిగార్ కోలుకొన్నట్లే. ఆవిరైపోయిన నూనెలు మాత్రం తిరిగి రావు.