డైరీలో 'ఎందుకంటే'

మన బడికి పాఠాలు చెప్పడానికి వచ్చే బి.ఎడ్. ట్రైనీ టీచర్లను చూస్తూనే ఉంటాం. 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల కోర్సులో 20 వారాలు వాళ్లు బడుల్లో గడపాలి. ఆ అనుభవాలను డైరీలో రాస్తారు.

"భిన్నాలు చెప్పాను, క్లాసు బాగా జరిగింది" అని రాస్తే మర్నాటికి పనికొచ్చేది ఏమీ ఉండదు. "వెనక బెంచీవాళ్లకు అర్థం కాలేదు. ఎందుకంటే నేను బొమ్మ గీయలేదు. రేపు రొట్టెను ముక్కలు చేసి చూపిస్తాను" అని రాస్తే మర్నాటి పాఠం అక్కడే తయారవుతుంది.

అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్, తమ కష్టాల గురించి కొన్ని రోజులు రాసినవారిని పరిశీలించారు. రోజురోజుకీ 'ఎందుకంటే', 'అర్థమైంది' వంటి మాటలు పెరిగినవారి ఆరోగ్యం ఎక్కువగా మెరుగుపడింది. ఊరికే ఆ మాటలు నింపితే చాలదు, కారణం వెతకాలి.

బదిలీలతో బడులు మారే మనకూ ఇది పనికొస్తుంది. "ఇక్కడ నాతో ఎవరూ మాట్లాడరు" అని రాసి ఆగిపోవద్దు. ఎందుకో, రేపు ఏం చేద్దామో కూడా రాసుకుందాం.